మా పదకొండు మందీ, చెప్పుల కాపలాదారూ

మొన్నామధ్య ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగుతూ కూర్చున్నప్పుడు, పక్క బల్ల దగ్గర నలుగురు కుర్రాళ్ళు ఫోన్లు ముందేసుకుని, భూమ్మీద ఇంతవరకు పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాళ్ళలో మేటి పదకొండు మంది ఎవరా అని కొట్టుకు చస్తున్నారు. వాళ్ళు చెప్పే పేర్లలో సగం నాకు నోరు తిరగనివి. కామారెడ్డి రూటు బస్సులో కండక్టరుగా ముప్పై ఏళ్ళు అరిచిన గొంతు కదా, ఊరుకోలేదు. వాళ్ళలో ఒక్కడినైనా మీ కళ్ళతో చూశారా, కాలి దుమ్ము మీ మీద పడిందా అని అడిగేశాను. వాళ్ళు నవ్వి, అయితే నువ్వు కళ్ళతో చూసినవాళ్ళలోంచే ఒక జట్టు చెప్పు తాతా అన్నారు. తీరా చూస్తే వచ్చే నెలలో బడి మైదానంలో పోటీలు పెట్టేది వీళ్ళేనట; ఎల్లారెడ్డి, కామారెడ్డి వైపు ఇన్నేళ్ళలో ఆడినవాళ్ళందరిలోంచి పదకొండు మందిని ఏరి, పెద్ద ఫ్లెక్సీ కట్టి, బతికున్నవాళ్ళను పిలిచి సన్మానం చేస్తారట. ఏరే పని నాదేనట. ముసలాయనకు కాలక్షేపం అనుకున్నారు పాపం, పిచ్చోడి చేతికి రాయి ఇస్తున్నామని వాళ్ళకేం తెలుసు!

ఎందుకంటే, ఆ జట్టు మాట వినగానే నాకు ముందుగా తట్టింది ఎవరిని ఎక్కించాలన్నది కాదు, ఎవరిని దించాలన్నది. యాభై ఏళ్ళుగా కడుపులో దాచుకున్న మంట అది. పగ మంచిది కాదని మీరంటారు, నేనూ చాలామందికి చెప్పాను. చెప్పడానికేం, నోటికి టిక్కెట్టు కొట్టనక్కర్లేదు.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, అప్పట్లో బూట్లు తొడుక్కుని బంతి తన్నినవాడు మా వైపు లేడు. అందరివీ ఉత్తి కాళ్ళే. చెప్పులన్నీ గీత అవతల కుప్పగా విడిచి దిగేవాళ్ళు. ఒక జత చెప్పులంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు, కొందరు తమ బాపు చెప్పులు వేసుకుని వచ్చేవాళ్ళు, అవి పోతే ఇంటికి పోయేదే లేదు. అందుకని పొరుగూరిలో ఆట అయితే ఆ కుప్ప దగ్గర ఒకణ్ణి కూర్చోబెట్టేవాళ్ళు. జ్వరం వచ్చినవాణ్ణో, అసలు ఆటే రానివాణ్ణో. వాడే చెప్పుల కాపలా. బంతిని వంకరగా తన్నినవాణ్ణి మా దగ్గర అమ్మనాబూతులు తిట్టేవాళ్ళు కాదు, పోయి చెప్పులకాడ కూసోరాదురా అనేవాళ్ళు. అంతకు మించిన తిట్టు మా మైదానంలో లేదు.

మా అన్న నాకంటే మూడేళ్ళు పెద్ద. వాడు ఆట నేర్చింది బడిలో కాదు, కోత అయిపోయిన వరిమళ్ళలో. కోసిన వరికొయ్యలు సూదుల్లా నిలబడి ఉంటాయి, ఉత్తి కాలు పడితే అరికాలు చీరుకుపోతుంది. వాడు ఆ కొయ్యల మధ్య, కాలు ఎక్కడ పెట్టాలో కిందికి చూడకుండానే తెలిసినట్టు, బంతిని ఎడమ కాలితో అంటుకునీ అంటుకోనట్టు తోసుకుంటూ పోయేవాడు. అలాంటివాడికి మామూలు మైదానం ఇస్తే ఏముంది, పెళ్ళిపందిరిలో తివాచీ మీద నడిచినట్టే. మా కన్నతల్లి, మా అవ్వ, వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. వాడు పొద్దంతా కత్తెర పట్టి తునికాకు కత్తిరించి ఇచ్చి, పొద్దు వాలుతుండగా ఆటకు పోయి, మోకాళ్ళ దాకా దుమ్ముతో వచ్చేవాడు. అవ్వ తిట్టుకుంటూనే చెంబుతో నీళ్ళు పోసేది. వాడి కాళ్ళ దుమ్మును బట్టే ఆ రోజు ఎంత బాగా ఆడాడో లెక్క కట్టేదని నాకు చాలా తరువాత అర్థమైంది.

ఇక ఆ మహానుభావుడు. మా మేనత్త కొడుకు, మాకు బావ, మా ఊరి జట్టుకు కెప్టెన్. నడిమి ఆట ఆయనది. ఎదుటివాడి బంతి ఆయనను దాటి పోవడం నేను తక్కువసార్లు చూశాను. ఆ మాట ఒప్పుకోకపోతే నా నాలుక కాలుతుంది, కాబట్టి ఒప్పుకుంటున్నాను. కానీ ఆయనకు ఒక జబ్బు ఉండేది. జనం చప్పట్లు తనకు తప్ప ఇంకొకడికి పడితే ముఖం మాడిపోయేది. అవి మా అన్నకు పడటం మొదలైంది.

కామారెడ్డి జట్టుతో వాళ్ళ మైదానంలో ఆట. ఆ ఆట చూడటానికి పట్నం నుంచి ఒక మిల్లువాళ్ళు వస్తున్నారని, తమ జట్టుకు ఎవరైనా నచ్చితే మిల్లులో కొలువు కూడా ఇస్తారని తెలిసి వారం ముందు నుంచే మా ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. జట్టును దింపాల్సిన డ్రిల్లు సారు కామెర్లు వచ్చి మంచాన పడ్డాడు, పెత్తనం బావ చేతికి వచ్చింది. చూడటానికి నేనూ వెంట వెళ్ళాను; బస్సు దిగి, బెల్లం వాసన కొట్టే గంజ్ బజారు పక్కనుంచి నడిచి మైదానం చేరాం. అక్కడ బావ ఒక్కొక్కడి పేరూ పిలిచి ఎవరు ఎక్కడ ఆడాలో చెప్పి, చివరికి మా అన్న భుజం మీద చెయ్యేసి, అందరి ముందూ నవ్వుతూ అన్నాడు: "చెప్పులు జర పైలంరా. నీ అసొంటి నమ్మకస్తుడు దొర్కడు."

అన్న పోయి కుప్ప దగ్గర కూర్చున్నాడు. అన్న ఆడాల్సిన ఎడమ పక్కన బావ చిన్నాయన కొడుకు ఆడాడు, వాడికి బంతి దగ్గరికొస్తే కళ్ళు మూసుకునే అలవాటు. అయినా మా వాళ్ళే గెలిచారు, బావ ఆ రోజు రాక్షసుడిలా ఆడాడు. గెలిచిన జట్టును ఎవరు ప్రశ్నిస్తారు? మిల్లువాళ్ళు ఆయన్ను పక్కకు పిలిచి మాట్లాడారు. మిగతావాళ్ళు వచ్చి ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని పోయారు. అందరికీ పంచగా మిగిలిన బెల్లం ముక్క ఒకటి బావ తెచ్చి అన్న చేతిలో పెట్టాడు, కూలి ఇచ్చినట్టు. ఆ ముక్కను అన్న తినలేదు, పారేయనూ లేదు, ఎల్లారెడ్డి దాకా గుప్పిట్లో పట్టుకుని నిలబడే వచ్చాడు.

వాకిట్లో అడుగు పెట్టగానే అవ్వ చెంబు పట్టుకుని లేచింది. వాడి కాళ్ళ వంక చూసి చెంబు అక్కడే పెట్టేసింది. "కాళ్లకు మన్నే అంటలేదేంది బిడ్డా? గెలిచొచ్చిన కాళ్లు గిట్లుంటయా?" అంది. వాడు కత్తెర తీసుకుని ఆకుల ముందు కూర్చున్నాడు. ఆ తరువాత వాడు మైదానం వైపు వెళ్ళలేదు. కొన్నాళ్ళకు దుబాయి పోయి, ఎండలో సిమెంటు మోసి మోసి, నడుము అక్కడ పోగొట్టుకుని వచ్చి, లింగంపేట దారిలో కాస్త భూమి కొని మక్కజొన్న వేసుకుంటున్నాడు.

మరి కోపం అప్పుడే ఎందుకు తీర్చుకోలేదని అడుగుతారేమో. ఎలా తీర్చుకోవాలి, మిల్లు కొలువు వచ్చిన అల్లుడని మా బాపు ముచ్చటపడి మా అక్కను ఆయనకే ఇచ్చి చేశాడు! ఇంటి అల్లుడయ్యాక ఇంకేముంది, పండుగ పండుగకు పిలవడం, బట్టలు పెట్టడం, కోడిని కోయడం. కోడి కాలు ఎప్పుడూ ఆయన పళ్ళెంలోకే పోవాలి. ఇన్నేళ్ళు నా చేత్తోనే వడ్డించాను, వడ్డించిన ప్రతిసారీ ఆ కాలు వంక చూసి, నీ రోజు రాకపోతుందా అనుకున్నాను. మా అన్న మాత్రం పక్కనే కూర్చుని ఏమీ జరగనట్టు బావా, మంచిగున్నవా అని పలకరించేవాడు. బావ మీద కంటే ఒక్కోసారి వాడి మీదే నాకు ఎక్కువ మండేది.

అందుకని ఆ హోటల్లో జట్టు నా చేతికి రాగానే నా ప్రాణం లేచి వచ్చింది. గోల్ దగ్గర లింగంపేటలోని మా చిన్నమ్మ కొడుకును నిలబెట్టాను. బండి మీద నిలబడి కింద నుంచి విసిరే వరికట్టలు పట్టీ పట్టీ వాడి చేతులకు బంతి ఒక లెక్క కాదు. వెనక గంజ్‌లో బస్తాలు మోసే అన్నదమ్ములిద్దరు, వాళ్ళను ఢీకొట్టినవాడు మళ్ళీ ఆ దారిన రాడు. నిజాంసాగర్ కాలువ మీద తూములు తిప్పే లష్కరు కొడుకు ఒకడు ఉండేవాడు, నీళ్ళు పారినట్టు పారేవాడు, పాపం ఇప్పుడు లేడు. తరువాతి కాలం కుర్రాళ్ళను కూడా మరిచిపోలేదు, నా బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ తిట్లు తిన్నవాళ్ళలో ఇద్దరు అందులోకి ఎక్కారు. ఎడమ పక్కన మా అన్న. ఇందులో పక్షపాతం ఉందని ఎవడైనా అంటే, వాడు వరికొయ్యల్లో పరుగెత్తి చూపించి మాట్లాడాలి. నడిమి ఆటకు కామారెడ్డి వాడినొకణ్ణి వేశాను. వాడు మంచివాడే, కానీ మా బావ చిటికెనవేలికి సరిపోడు. తెలిసే వేశాను.

బావ కొలువు దిగాక కామారెడ్డిలోనే ఇల్లు కట్టుకున్నాడు. జట్టు సంగతి ఎలా తెలిసిందో, నా మోకాళ్ళ నొప్పి మీద ఆయనకు ఒక్కసారిగా దయ పుట్టింది. ఒకసారి నొప్పుల నూనె, ఇంకోసారి సీతాఫలాల బుట్ట, బస్సెక్కి మరీ తెచ్చి ఇచ్చాడు. జట్టు మాట ఎత్తడు, పాత ఆటల ముచ్చట్లు చెప్పి నా ముఖం వంక చూస్తాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా భయం లేదని ఆయన ధీమా. నూనె రాసుకున్నాను, పండ్లు తిన్నాను, నోరు మాత్రం మెదపలేదు. చివరికి అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావ పేరు ఏస్తున్నవ్ గద? రోజు గదే ముచ్చట, బువ్వ గూడ సక్కగ తింటలేడు." అక్క గొంతు వింటే ఒక్క క్షణం జాలి వేసింది. వేస్తానక్కా, పేరు తప్పకుండా వేస్తానన్నాను. అబద్ధం ఆడలేదు.

సన్మానం రోజు బావ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో, అక్కను వెంటబెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. ఫ్లెక్సీ మీద కప్పిన గుడ్డ ఇంకా తీయలేదు, నేను మైకు పట్టుకుని పేర్లు చదివాను. నడిమి ఆట దగ్గర ఇంకొకడి పేరు వినబడగానే ఆయన, తప్పు విన్నానేమో అన్నట్టు చెవి ఇటు తిప్పాడు. పదకొండూ అయ్యాక, ఇన్నేళ్ళు నోట్లో నానబెట్టిన మాటను నిదానంగా అన్నాను: "పన్నెండో మనిషి. చెప్పుల కాపలా." ఆ వెంటనే ఆయన పేరు.

ఆకాశం విరిగి పడుతుందనుకున్నాను. కుర్రాళ్ళు ఈలలు వేసి చప్పట్లు కొట్టారు! పన్నెండోవాడంటే వాళ్ళకు సబ్‌స్టిట్యూట్ అట, చివర్లో దిగి ఆట గెలిపించేవాడట, చెప్పుల కాపలా అంటే ఏదో ముద్దుపేరు అనుకున్నారు. ఒకడు పరుగున వెళ్ళి ఆయనకు శాలువా కూడా కప్పాడు. నా పగ మీద శాలువా కప్పినట్టయింది.

అప్పుడు మా అన్న లేచాడు. సన్మానానికి వేదిక మీదికి వస్తున్నాడనుకున్నాను. వాడు నడుము పట్టుకుని నెమ్మదిగా నడిచి, ముందు వరుసలో బావ కుర్చీ ఎదుట ఆగి, చెప్పులు రెండూ విడిచి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు. వేదిక పక్కనే కాబట్టి నాకు వినబడింది. "జర పైలం బావా. నీ అసొంటి నమ్మకస్తుడు దొర్కడు."

ఒక్క అక్షరం మరిచిపోలేదు వాడు! అన్ని పండుగలు, అన్ని పలకరింపులు, అన్నేళ్ళ దుబాయి ఎండ, ఏదీ దాన్ని చెరపలేదు. ఉత్తి కాళ్ళతో మైదానంలోకి దిగి, ఎడమ గీత వెంబడి ఆ చివరి దాకా నడుచుకుంటూ పోయాడు. బావ శాలువా అంచులు పట్టుకుని తల వంచుకున్నాడు. ఇంతలో ఎవరో హడావుడిగా పోతూ ఒక చెప్పును తన్నేస్తే, ఆయన కుర్చీలోంచి వంగి, దాన్ని అందుకుని రెండోదాని పక్కన సరిగ్గా పెట్టాడు. అన్న తిరిగి వచ్చేదాకా అక్కడినుంచి కదల్లేదు. పక్కన అక్క నా వైపు చూసిన చూపు మాత్రం నేను మరిచిపోలేను. ఆ తరువాత ఆమె నాకు ఫోన్ చేయలేదు.

ఇప్పుడు ఆ కుర్రాళ్ళు రంగురంగుల బూట్లు సంచీల్లో తెచ్చుకుంటారు, విడిచిన చెప్పులు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి, పోతే ఇంకో జత. మంచిదే, ఏ పిల్లవాడూ అలా కుప్ప ముందు కూర్చోనక్కర్లేదు. ఆ మాటలోని దెబ్బ తెలిసినవాళ్ళం ఇక కొద్దిమందిమే మిగిలాం, మాతో అదీ పోతుంది. నా కోపం తీరిందా అంటే, బావ వంగి ఆ చెప్పు సర్దినప్పుడు చాలావరకు తీరింది, పూర్తిగా తీరలేదు. కానీ ఆ సాయంత్రం అన్న వచ్చి చెప్పుల్లో కాళ్ళు పెట్టేటప్పుడు చూశాను. చీలమండల దాకా దుమ్ము. చెంబుతో నీళ్ళు పోయడానికి మా అవ్వ లేదు.