ఆరు గ్రాములు

ఆ రోజు పొద్దున ప్రార్థనామందిరం గేటు పక్కనున్న నల్లబల్లను చదివి పాలవాడు సైకిలు ఆపాడు. అతను ఆగాడని వెనకే వస్తున్న రొట్టెలవాడు ఆగాడు. ఏడు కొట్టేసరికి అక్కడ ఎంత గుంపు చేరిందంటే, ఓ బస్సు డ్రైవరు కొత్త స్టాపు పెట్టారనుకుని బండి నిలిపేసి తలుపు కూడా తీశాడు.

బల్ల మీద నాలుగే వరుసలు.

“సంచిలో రెండు రకాల రాళ్ళు పెట్టుకుని తూచేవాడంటే దేవుడికి అసహ్యమని ఇవాళ చదివాను.
మన సంఘంలోనే ఒక కాటా కిలోకి ఆరు గ్రాములు మింగుతోంది.
అది ఎవరి కొట్లో ఉందో ఆయనకు తెలుసు.
ఈ ఆదివారం ఆయన ముందు వరుసలో కూర్చోకపోతే బాగుంటుంది.”

ముందు వరుసలో కూర్చునేది ఒక్కడే. సంఘపెద్ద. ఆయనకు మందిరానికి ఎదురుగానే పాత ఇనుము, పాత కాగితాలు కొనే కొట్టు ఉంది.

రాసింది తూకాలక్క. ఆమె కన్నవాళ్ళు పెట్టిన పేరు బాప్తిస్మం పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. త్రాసులు, కాటాలు బాగుచేయడం తండ్రి నుంచి వచ్చిన పని. వీధి చివర ఒకే గది దుకాణం, వెనకాల ఇల్లు. బజారులో కూరలమ్మేవాళ్ళు, పళ్ళమ్మేవాళ్ళు, చేపలమ్మేవాళ్ళు ఏడాదికోసారి తమ తూకపు రాళ్ళు తెచ్చి ఆమె ముందు పోసేవాళ్ళు. తండ్రి ఇచ్చిపోయిన ఇత్తడి కిలోరాయి ఒకటి ఆమె దగ్గర ఉండేది. దాన్ని ఒక పళ్ళెంలో, వాళ్ళ రాయిని రెండో పళ్ళెంలో పెట్టి సరిచూసేది. తేడా ఉంటే అడుగున గుంటలో సీసం పోయడమో, ఉన్న సీసం గీకడమో చేసేది. ఈమధ్య ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వచ్చిన రాళ్ళు కూడా బరువు ఎక్కువే తూగుతున్నాయి. “ఈ కాలంవాళ్ళకి చెయ్యి కుదరదు,” అని గొణుక్కుంటూ వాటి సీసం కూడా గీకేసేది.

ఆమె రెండో పని బైబిలు. మామూలు రోజుల్లో మూడు అధ్యాయాలు, ఆదివారం అయిదు. అలా చదివితే ఏడాది తిరిగేసరికి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పూర్తవుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఒక్క రోజు తప్పలేదు. భర్త పోయిన రోజు వంతుకు, ఉన్నదంతా పోగొట్టుకున్న యోబు కథ వచ్చింది. “సరిగ్గా ఇవాళే రావాలా నువ్వు!” అని పుస్తకం టపీమని మూసింది. అయిదు నిమిషాలకు మళ్ళీ తెరిచి, మిగిలిన అధ్యాయం ముగించాకే ఏడ్చింది.

చదివాక మందిరానికి వెళ్ళి, తనకు తోచింది నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసేది. బల్లకు నాలుగు వరుసలే పడతాయి కాబట్టి నాలుగే. అవి చదివి ఎవరి కడుపూ చల్లబడేది కాదు. “కళ్ళు కనపడని తండ్రిని మోసం చేసినవాడికి ఆశీర్వాదం దొరికింది. నాకు నచ్చలేదు. దేవుడికి ఎందుకు నచ్చిందో రేపు ఇంకో మూడు అధ్యాయాలు చదివి చూస్తాను,” అని ఒకసారి రాసింది. మందిరం మెట్టెక్కని మనుషులు కూడా ఆ బల్ల చదవకుండా పనికి వెళ్ళేవాళ్ళు కాదు.

చదివేటప్పుడు ఆమె చేతులు ఊరుకునేవి కావు. ఎడమచేతి వేలు వాక్యం మీద ఉంటే కుడిచెయ్యి ఇత్తడి రాయిని రుద్దుతూ ఉండేది. తండ్రి పొడిగుడ్డతో తుడిచేవాడు. ఆమెకు ఆ మెరుపు చాలక మెరుగుపొడి అద్దేది. కీర్తనలు చదివే రోజుల్లో చెయ్యి నెమ్మదిగా తిరిగేది. ప్రవక్తలు రాజుల మీద విరుచుకుపడే చోటికి వచ్చేసరికి ఈమెకు కూడా ఒళ్ళు మండి, రాయి వేడెక్కేదాకా రుద్దేది. కోడలు ఒకసారి దాని మీద నీళ్ళచుక్క వేస్తే చుయ్‌మందట. ఇది కోడలు చెప్పే మాటే, కాబట్టి సగం నమ్మితే చాలు.

సంఘపెద్దకు ఆ బల్ల కంట్లో నలుసు. కిందటి నెల ఆయన ఎక్కడినుంచో ధ్యానాల చిన్న పుస్తకాలు రెండొందలు తెప్పించాడు. రోజుకో పేజీ, పేజీకో పువ్వు బొమ్మ. రోజూ అందులోని మాట బల్ల మీద ఎక్కిస్తే చాలన్నాడు. తూకాలక్క ఆ పుస్తకాన్ని బైబిలు పక్కన పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా సరిచూసింది. శాపాలు లేవు, గద్దింపులు లేవు. తూకాల మాట ఉన్న అధ్యాయమైతే గుటుక్కున మింగేశారు.

“బాదంపప్పు ఏరుకుని పాయసం వదిలేసినట్టుంది,” అంది కోడలితో.

“మీకు బాదంపప్పు కూడా చేదే కదా అత్తయ్యా.”

ఈ వారం మొదట్లో సంఘపెద్ద కొత్త కరెంటు కాటా కొన్నాడు. ఈమెను ఒక్క మాట అడగలేదు. తూకాలక్క పాత ఇత్తడి ముక్కలు అమ్మే నెపంతో వెళ్ళి, ఆయన అటు తిరిగినప్పుడు తన రాయిని దాని మీద పెట్టింది. ఎర్ర అంకెలు తొమ్మిది వందల తొంభై నాలుగు దగ్గర ఆగాయి. కొనేవాడి కాటా తక్కువ చూపిస్తే నష్టం అమ్మేవాళ్ళది. పొద్దంతా వీధులు తిరిగి కాగితాలు ఏరుకొచ్చే ఆడవాళ్ళది. ఆమె రెండు రోజులు పళ్ళు బిగబట్టింది. మూడోరోజు చదివే వంతుకు తూకపురాళ్ళ అధ్యాయం వచ్చింది. ఇక ఆగుతుందా?

ఏడున్నరకు సంఘపెద్ద, అయ్యగారిని వెంటబెట్టుకుని, ఆమె దుకాణంలోకి దూసుకొచ్చాడు. అయ్యగారు అంటే మందిరం పాస్టరు. మెత్తని మనిషి. తుమ్మినా తర్వాత క్షమించమంటాడు.

“అక్కయ్యా, నన్ను దొంగంటావా? నడిబజార్లో?”

“నేను నీ పేరు రాయలేదు తమ్ముడూ. నువ్వే వచ్చి తొడుక్కుంటున్నావు.”

“ముందు వరుసలో ఇంకెవడు కూర్చుంటాడు?”

“అది నువ్వు వెనక కూర్చునుంటే తెలిసేది.”

“నా కాటా కొత్తది! ముద్ర వేసి ఇచ్చారు!”

“ముద్ర మీద తూచుతావా, కాటా మీద తూచుతావా? నా రాయి పెట్టి చూశాను. ఆరు గ్రాములు తక్కువ. ఆ కాగితాలేరే పిల్లల తల్లుల నోట్లోంచి లాక్కుంటున్నావు, తెలుస్తోందా? ఆదివారం పాట ఎత్తుకునేది కూడా నువ్వే!”

“అయ్యగారూ, చూశారా నోరు?”

“కాస్త శాంతంగా...” అన్నాడు అయ్యగారు.

“శాంతం మీ చిన్న పుస్తకంలో ఉంది, అక్కడ చూసుకోండి,” అంది తూకాలక్క.

సంఘపెద్ద ముఖం కందిపోయింది. “సరే. నా కాటా తప్పయితే రేపే అమ్మేసి నీ దగ్గరే త్రాసు కొంటా. ముందు వరుస వదిలేస్తా. నీ మాట తప్పయితే?”

“తప్పయితే ఈ సుద్దముక్క నీ చేతిలో పెడతా. జన్మలో ఆ బల్ల ముట్టుకోను.”

కోడలు గుమ్మం దగ్గర నిలబడి గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఆ బల్ల లేకపోతే అత్తయ్య పొద్దున్నే రాసే నాలుగు వరుసలూ ఇంట్లోనే పడతాయని ఆమెకు తెలుసు.

అయ్యగారిని పోస్టాఫీసుకు పంపారు. అక్కడ పార్సిళ్ళు తూచే చోట ముద్ర ఉన్న కిలోరాయి ఉంది, ఏటేటా తనిఖీ చేస్తారు. ఆయన దాన్ని రుమాల్లో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు రెండు చేతులతో తెచ్చాడు.

“ముందు నా కాటా మీద పెట్టండి,” అన్నాడు సంఘపెద్ద.

“నీ డబ్బా మీదెందుకు? ఇక్కడే, మా నాన్న త్రాసు మీద. నా రాయి ఒకవైపు, సర్కారు రాయి ఒకవైపు. సమంగా నిలిస్తే నీ డబ్బా తప్పు. అంతే కదా?”

ఆ త్రాసు అబద్ధం ఆడదని వీధంతటికీ తెలుసు. ఈగ వాలితే వంగేది. తూకాలక్క పళ్ళాలు తుడిచి, ముల్లు మధ్యన నిలిచేదాకా ఊపిరి బిగబట్టి, ఎడమవైపు తన రాయి పెట్టింది. కుడివైపు పోస్టాఫీసు రాయి పెట్టింది.

ఎడమ పళ్ళెం పైకి లేచింది.

ఆమె రెండూ తీసి, అటుది ఇటూ ఇటుది అటూ మార్చింది. ఇత్తడిదే మళ్ళీ పైకి లేచింది. చిన్న డబ్బాలోంచి ఒక్కో గ్రాము బిళ్ళ తీసి ఇత్తడి పక్కన పేర్చింది. ఒకటి. రెండు. మూడు. ఆరో బిళ్ళకు ముల్లు మధ్యకొచ్చి ఆగింది.

తూకాలక్క రాయిని చేతిలోకి తీసుకుని తిప్పింది. పక్కన ఉండాల్సిన ముద్ర లేదు. నెత్తిన తండ్రి చెక్కిన గుర్తు లేదు. అంతా అద్దంలా నున్నగా ఉంది. అందులో ఆమె ముఖం వంకరగా కనిపించింది. ఇరవై రెండేళ్ళుగా రోజూ చూస్తూనే ఉంది, ముద్ర ఏదని ఒక్క రోజూ అడగలేదు.

“యిర్మీయా ప్రవక్తకి రెండు గ్రాములు అరిగిపోయుంటాయి అత్తయ్యా,” అంది కోడలు మెల్లగా. “యెహెజ్కేలుకి ఒకటిన్నర.”

“నోరు ముయ్యి.”

“కీర్తనలవల్ల మాత్రం ఏం పోయుండదు.”

అయ్యగారికి నవ్వొచ్చి, దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు. తూకాలక్క నవ్వలేదు. ఆమె కళ్ళ ముందు బజారంతా తిరుగుతోంది. కూరలవాళ్ళ రాళ్ళు, పళ్ళవాళ్ళ రాళ్ళు, తాను అడుగున గీకి తీసిన సీసం. అవన్నీ ఈ రాయి పిల్లలే. ప్రతి కిలోకి గ్రాము పోయిన ఏళ్ళున్నాయి, మూడు పోయినవీ ఉన్నాయి, ఇప్పుడు ఆరు. మింగింది ఆ కొట్టు కాదు. ఈ గది. వాక్యం చదువుతూ, చదువుతూ.

“పోనీలే అక్కయ్యా,” అన్నాడు సంఘపెద్ద. గెలిచినవాడి గొంతు మెత్తబడింది. “కావాలని చేశావా ఏమన్నా. ఆ నాలుగు వరుసలూ తుడిచేస్తే చాలు. తూకాల సంగతి మన నలుగురి మధ్యే ఉండనీ. బయటపడితే సంఘం పరువేం కాను? రాళ్ళు నిదానంగా, ఎవరికీ తెలీకుండా, ఒక్కొక్కటే సరిచేసెయ్.”

తూకాలక్క లేచింది. అంతసేపూ తన మీద తిరిగిన కోపానికి ఇప్పుడు ఇంకో మనిషి దొరికాడు.

“ఏమన్నావు? నిదానంగానా? పొద్దున నేను నిన్ను దొంగని రాస్తే ఊరంతా చదివింది. ఇప్పుడు దొంగ నేనని తేలితే గుట్టుగా కప్పెడతావా? నా తప్పు దాచడానికి నువ్వెవడివి? అంత జాలి ఉంటే కాగితాలేరేవాళ్ళ మీద చూపించు!”

“నీ మేలుకే చెప్పా...”

“నా మేలు నువ్వు తూచకు. నీ కాటా మంచిదే. నువ్వే తేలిక!”

ఆ సాయంత్రం బజారు నిండుగా ఉన్నప్పుడు ఆమె బల్ల తుడిచింది. సుద్దముక్కను ఎంత గట్టిగా నొక్కిందంటే రెండుసార్లు విరిగింది.

“పొద్దున రాసింది తప్పు. సంఘపెద్ద కాటా సరైనది.
ఆరు గ్రాములు మింగింది నా రాయి. ఎన్నేళ్ళుగానో నాకే తెలీదు.
నా దగ్గర సరిచూసిన రాళ్ళన్నీ తప్పే. మీ రాళ్ళు పట్టుకుని తిట్టడానికి రండి.
ఇవే నా చివరి వరుసలు.”

మిగిలిన ముక్కను తీసుకెళ్ళి సంఘపెద్ద అరచేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

తిట్టడానికి వచ్చారు. అందరికన్నా ముందు కూరలమ్మే ఆవిడ వచ్చి, రాళ్ళు నేల మీద ధడాలున పడేసింది.

“ఇన్నేళ్ళూ నన్ను దొంగని చేశావా అక్కా? మొన్నొకావిడ తూకం తక్కువుందంటే, మా తూకాలక్క చేతిమీద ఒట్టని దెబ్బలాడి పంపించాను! ఇప్పుడు ఆవిడకి నా మొహం ఎలా చూపించను?”

“ఆవిడ ఇల్లు చెప్పు. నేనే వెళ్ళి చెప్తాను.”

“చెప్పి ఏం చేస్తావు?”

“తిట్లు తింటాను. నువ్వు కూడా ఆపకు, ఇంకా ఉంటే కానివ్వు.”

ఆవిడ కానిచ్చింది. తూకాలక్క తలొంచుకుని, సీసం కరిగిస్తూ, పోస్టాఫీసు రాయికి సరిగ్గా తూగేదాకా ఒక్కో రాయినీ నింపింది. ఒక్కరి దగ్గరా కూలి తీసుకోలేదు. చీకటి పడేలోగా పదిహేడు రాళ్ళు పూర్తయ్యాయి. ఇంకా సగం బజారు మిగిలింది.

మర్నాడు అయిదింటికి యథాప్రకారం బైబిలు తెరిచింది. కుడిచెయ్యి గుడ్డ కోసం వెతుక్కుంది. ఆమె ఆ చేతిని తొడ కింద పెట్టి దాని మీద కూర్చుంది. మూడు అధ్యాయాలు చదివింది. మూడోది పొడుగైనది. మాట వింటే వచ్చే దీవెనలతో మొదలై, వినకపోతే వచ్చే శాపాల్లోకి దిగి, దిగుతూనే ఉంటుంది. ఏటా ఆ శాపాల దగ్గర ఆమెకు ఎవరెవరో గుర్తొచ్చేవాళ్ళు. ఈసారి వేరెవరూ రాలేదు. అది ఆమెకు మరీ కోపం తెప్పించింది.

రాళ్ళ సంచి భుజాన వేసుకుని బజారుకు బయల్దేరింది. దారిలో మందిరం. చూడకూడదనుకుంటూనే చూసింది. బల్ల మీద గుండ్రటి అక్షరాలతో మూడు వరుసలున్నాయి. నువ్వు లోపలికి వచ్చినా దీవెనే, బయటికి వెళ్ళినా దీవెనే, నీ గంప నిండుతుంది, నీ పిండి పొంగుతుంది అన్న ధోరణి. నాలుగో వరుస ఖాళీ. బల్ల ముందు సంఘపెద్ద సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా మీదంతా తెల్లపొడి. రోడ్డు మీద ఒక్కడూ సైకిలు ఆపలేదు.

“నాలుగోది తోచడం లేదక్కయ్యా,” అన్నాడు, తల గోక్కుంటూ.

“ఎక్కడిదాకా చదివావు?”

“దీవెనలదాకా.”

తూకాలక్క సంచి ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది. ఒట్టు పెట్టుకుంది కాబట్టి బల్లకు రెండడుగుల దూరంలోనే ఆగింది.

“సగంలో ఆపేసి నాలుగో వరుస ఎలా తోస్తుందయ్యా? ఇంటికెళ్ళు. మిగతా సగం చదువు. చదివేటప్పుడు ఎవరూ గుర్తు రాకుండా నువ్వే గుర్తొచ్చేదాకా చదువు. అప్పుడొచ్చి రాయి.”

“అంత కోపమెందుకు? నిన్నంతా ఒప్పేసుకున్నావు కదా?”

“ఒప్పుకుంటే తగ్గుతుందని ఎవరన్నారు?” అని, ఆమె మిగిలిన సగం బజారు వైపు నడిచింది.