ఎండలో గుడ్డి లాప్‌టాప్‌లు

రోజూ పొద్దున చాయ్ తాగుతూ పేపర్లో లాప్‌టాప్ ప్రకటనలు చదవడం, చదివి ముక్కుతో నవ్వడం బాల్‌సింగ్‌కు అలవాటు. ‘సీతాకోకచిలుకంత తేలిక’ అని ఉంటే, “అయితే పూలమీదనే పెట్టుకోండ్రి” అంటాడు.

అతనిది గూడూరు పక్క తండా. నేలలో ఇనుప మేకులు దిగ్గొట్టి, వాటిగుండా కరెంటు పంపి, బోరు ఎక్కడ వెయ్యాలో లాప్‌టాప్‌లో లెక్కగట్టి చెప్పడం అతని పని. ఓనరు కోస్తా నుంచి వచ్చి హనుమకొండలో ఆఫీసు పెట్టినవాడు. ఏసీ గదిలో కూర్చుని సన్నటి వెండిరంగు లాప్‌టాప్‌లే కొనేవాడు. భూపాలపల్లి దుమ్ముకు ఏడాదిలో రెండు పోయాయి.

“మిషన్లు వాడటం రాదయ్యా మీవాళ్లకి. ముందు తిన్నగా మాట్లాడటం నేర్చుకోండి,” అన్నాడు ఓనరు. “ఈసారి నువ్వే ఎంచి తీసుకురా. అది గానీ పాడైందో, నీ ఉద్యోగమూ అంతే.”

సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు. బాల్‌సింగ్ బండి మీద జనగామ పోయాడు. దుకాణదారు ఎల్లస్వామి ఒక్కొక్కటే తీసి చూపిస్తుంటే, ఒక్కొక్కదాన్నీ పట్టుకుని మిట్టమధ్యాహ్నపు ఎండలోకి నడిచాడు.

“బయటికెందుకన్నా?”

“నేను పనిచేసేది నీ దుకాణంల కాదు గద. ఎండల గీ తెర మీద ఒక్క అక్షరం కనబడ్తలేదు. గిది గుడ్డిది. గిదీ గుడ్డిదే.”

ఏడు గుడ్డివని తేలాక, మూలన నల్లగా, మందంగా, అంచులకు రబ్బరు తొడిగినది ఒకటి కనిపించింది.

“గది పాతదన్నా. గనుల కాడ వాడి అమ్మిండ్రు. దున్నపోతు లెక్కుంటది.”

“బురదల దిగేది దున్నపోతే. నెమలి కాదు.”

ఎండలో దాని అక్షరాలు సాఫ్‌గా కనబడ్డాయి. అదే తెచ్చాడు.

ఓనరు మొహం చిట్లించాడు. “ఈ ఇటుకతో రైతుల దగ్గరికెళ్తావా? పరువు పోతుంది. రేపు నేనే వస్తా. పని ఎలా చెయ్యాలో చూద్దువుగాని.”

మర్నాడు మొగుళ్లపల్లిలో, పోశయ్య అనే ముసలి రైతు పత్తిచెలకలో, ఓనరు తన వెండిరంగుది తెరిచాడు. తెర మీద సొంత మొహం తప్ప ఏమీ కనిపించలేదు. గొడుగు పట్టించాడు, లాభం లేదు. చివరికి పోశయ్య గొంగడి అడిగి తీసుకుని, ముసుగేసుకుని లోపల దూరాడు.

“సారుకు చలిజరమా?” అన్నాడు పోశయ్య.

“కాదు బాపు. మిషన్ ఎట్ల వాడాల్నో నాకు నేర్పుతున్నడు.”

గొంగడి వేడికి లాప్‌టాప్ ఉడికి ఆగిపోయింది. చెమటలు కక్కుతూ ఓనరు బయటపడేసరికి, బాల్‌సింగ్ మేకుల వైరు దాన్నుంచి తీసి, తన వెంట తెచ్చిన నల్లదానికి తగిలించాడు. గంటలో లెక్క ముగించి, నీళ్లున్న చోట గుర్తుగా రాయి పెట్టాడు.

“మా తమ్మునిది గూడ నువ్వే చూడు బిడ్డా. గొంగడి సారు వద్దు,” అన్నాడు పోశయ్య.

ఓనరు విననట్టే నటించాడు. “సర్లే, నీ ఉద్యోగం ఉంచుతాలే,” అన్నాడు దయతలచినట్టు.

“మీరే ఉంచుకోండ్రి సారూ,” అని బాల్‌సింగ్ నల్ల లాప్‌టాప్ అతని చేతిలో పెట్టి, పోశయ్య తమ్ముడి చెలక వైపు నడిచాడు.

ఇప్పుడు బాల్‌సింగ్ మహబూబాబాద్‌లో అద్దె ఇంట్లో ఉంటూ, ఎల్లస్వామి దగ్గర కొన్న అలాంటి దున్నపోతుతోనే మూడు జిల్లాల్లో సొంతంగా బోరు పాయింట్లు చూస్తున్నాడు.