వంక పక్కన చవక ఇల్లు

నా ఆఖరి పోస్టింగు చిత్తూరులో. జూన్ మొదటి వారంలో, సర్వే శాఖలో డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా అక్కడ చేరాను. పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలు ఉన్నాయి. మండల సర్వేయర్లు పొలాలు కొలిచి, భాగాలు విడదీసి పంపే పటాలను పరిశీలించడం నా పని. తప్పుంటే తిప్పి పంపాలి, లేకుంటే సంతకం పెట్టి పైకి పంపాలి. దీన్ని మా వాళ్లు స్క్రూటినీ అంటారు. ముప్పై ఏళ్లకు పైగా కొలత గొలుసు వెంట గట్ల మీద తిరిగినవాడికి అది నీడపట్టున కూర్చుని చేసే పనే. కాకపోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇతరుల తప్పులు వెతికేవాడికి అనుమానం అలవాటైపోతుంది. ఇంటికి వెళ్లినా అది వదలదు.

ఆ పద్నాలుగు నెలల్లో మేం స్థిరపడటానికి ఒక ఊరు కూడా చూసుకోవాలి. ఇరవై ఏళ్లుగా తిరుపతిలో అద్దె ఇంట్లో ఉన్నాం. నా భార్య రాజేశ్వరి అక్కడే ఒక బడిలో లెక్కలు చెప్పి, మోకాళ్ల నొప్పులతో మానుకుంది. తిరుపతిలో సొంతిల్లు మా తాహతుకు మించిన మాట. రేణిగుంట వైపు ఫ్యాక్టరీలు, గోడౌన్లు వచ్చి అక్కడా ధరలు పెరిగిపోయాయి. చిత్తూరు టౌనులో చూసిన రెండిళ్లకూ అన్నదమ్ముల కోర్టు కేసులున్నాయి. చిన్న ఊరైతే నయమనుకున్నాం. రాజేశ్వరి మూడు షరతులు పెట్టింది. గంటలోపు పెద్దాసుపత్రికి చేరగలగాలి, బస్టాండుకు నడిచి వెళ్లగలగాలి, నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని కూర్చోకూడదు.

మూడు షరతులకూ సరిపోయే ఊరు ఆగస్టులో దొరికింది. చిత్తూరు నుంచి బస్సులో ముప్పావు గంట. దాని పేరు ఇక్కడ రాయను, మేం ఇల్లు చూసిన లేఅవుట్‌లో ఇప్పటికీ మనుషులు కాపురాలు చేస్తున్నారు. మా ఇద్దరికీ ఇల్లు చూపించిన వాడు మునిరత్నం. ఒకప్పుడు మామిడి మండీలో కమీషన్ వ్యాపారం చేసి, తర్వాత ఇళ్ల స్థలాల బేరాల్లోకి దిగాడు. మూడో వరుసలో ఐదు సెంట్లలో కట్టిన ఇల్లు. రెండు గదులు, వరండా, వెనక కరివేపాకు చెట్టు, నిండుగా నీళ్లున్న బోరు. అడిగిన ధర తిరుపతిలో ఖాళీ స్థలానికి కూడా చాలదు.

"ఎందుకప్పా ఇంత తక్కువ?" అని అడిగాను.

"ఓనరు బెంగుళూరులో ఉండాడు సార్. ఈడికి రాలేడు, తొందరగా తీసేయాలంటాడు. ఈ రేటుకి మీకు ఇంక యాడా దొరకదు. నేను చెప్పేది కాదు, చుట్టుపక్కల ఎవర్నయినా అడగండి."

అడిగాను. పక్కింట్లో సుబ్రమణ్యం అనే ఆయన ఉన్నారు. బస్సు కండక్టరుగా రిటైరై నాలుగేళ్ల కిందట ఇక్కడ ఇల్లు కట్టుకున్నారట. "ఏమీ ఇబ్బంది లేదు సార్, బంగారం మాదిరి ఏరియా" అన్నారు. ఎదురింటామెను అడిగితే ఆమె కూడా అదే మాట, అదే వరుసలో చెప్పింది. మూడో ఇంటాయన కూడా "ఏమీ ఇబ్బంది లేదు" అన్నాడు. నేను అడిగింది ఇబ్బంది గురించి కాదు, పాలవాడు ఎన్ని గంటలకు వస్తాడని.

తిరిగి వచ్చేటప్పుడు ఇంకొకటి గమనించాను. ఆ వరుసలో ఐదిళ్లకు గోడల కింది భాగం, సరిగ్గా నా నడుము ఎత్తు వరకు, ముదురు ఎరుపు రంగు వేసి ఉంది. పైన ఎవరి రంగు వాళ్లది, కింద మాత్రం అందరిదీ ఒకటే. రాజేశ్వరికి చూపించాను.

"మట్టి చిమ్మితే కనపడకుండా వేస్తారు. మీకు అన్నీ అనుమానమే. పదండి, నాకు ఇల్లు నచ్చింది" అంది.

నేను కాగితాలు తెప్పించుకున్నాను. ముప్పై ఏళ్ల ఈసీ తీయించాను. అంటే ఆ ఆస్తిపై జరిగిన అమ్మకాలు, తాకట్ల జాబితా. శుభ్రంగా ఉంది. లింకు దస్తావేజులు వరసగా ఉన్నాయి. లేఅవుట్ అప్రూవల్ ఉంది. నిషేధిత భూముల జాబితాలో ఆ సర్వే నంబరు లేదు. ఆ మండల సర్వేయరు లావణ్య కొత్తగా వచ్చిన అమ్మాయి, పనిమంతురాలు. ఆమెను అడిగితే కొత్త యంత్రంతో మూలలు చూసి, సబ్‌డివిజన్ పటానికీ నేలకూ తేడా లేదని చెప్పింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ధర మాత్రం తక్కువ. నాకు ఆ రెండూ పొసగలేదు.

ఒక ఆదివారం రాజేశ్వరికి చెప్పకుండా ఒక్కణ్నే బస్సెక్కి వెళ్లాను. ఈసారి ఇళ్ల వైపు పోలేదు. లేఅవుట్ వెనక వైపుకు నడిచాను. అక్కడ ఒక వంక ఉంది. వానలప్పుడు తప్ప పారని చిన్న ఏరు. తుమ్మచెట్లు, ప్లాస్టిక్ కవర్లు తప్ప ఏమీ లేవు. వెడల్పు అడుగులతో కొలిచాను. పైన కొండ నుంచి దిగే నీటికి అది చాలదనిపించింది. ఎగువన విశాలంగా ఉన్న వంక లేఅవుట్ దగ్గరకు వచ్చేసరికి సన్నబడుతోంది. నీళ్లు తమంతట తాము అలా సన్నబడవు.

ఆవుల్ని మేపుకుంటున్న పెద్దాయన నన్ను చూసి దగ్గరకు వచ్చాడు. పేరు గురవయ్య. ఆ లేఅవుట్ వేసిన నేల ఒకప్పుడు వాళ్ల కుటుంబానిదే.

"స్థలం కొనేదానికి వచ్చినారా?" అన్నాడు.

"చూస్తున్నాం. ఇక్కడ నీళ్లొస్తాయా?"

ఆయన నన్ను తేరిపార చూశాడు. "మీరు మునిరత్నం మనిషి కాదు గదా?"

కాదన్నాను.

"రెండేండ్ల కింద కార్తీకమాసంలో వాన కొట్టింది. ఆ మూడో వరస ఇండ్లల్లో నడుం దాకా నీళ్లు. కండక్టరు భార్యను మంచం మీద పెట్టి మోసుకొచ్చినాము. గోడల కింద ఆ ఎర్ర రంగు దాని తర్వాత వేయించిందే. మునిరత్నమే మనుషుల్ని పెట్టి వేయించినాడు. ఇంగ ఆ ఇండ్లోళ్లు నోరు తెరవరు. తెరిస్తే వాళ్ల ఇల్లు ఎవురు కొంటారు?"

"వంక ఇంత సన్నంగా ఎలా అయింది?"

"కరువు సంవత్సరాలు సామీ. నీళ్లే లేవు. మా నాయన వంకలో సగం దున్నుకున్నాడు, అలసందలు వేసినాడు. తర్వాత మా చిన్నాయనతో భాగాలప్పుడు సర్వేయరు వచ్చినాడు. పాత రాయి కనపడలేదు. దున్నిన అంచున కొత్త రాయి పాతి, రాసుకోని పోయినాడు. ఆడి నుంచి అది మా పట్టా నేలే అయిపాయ."

"డబ్బులు తీసుకున్నాడా?"

గురవయ్య నవ్వాడు. "లేదప్పా. ఎండకు సొమ్మసిల్లే మాదిరి ఉన్నాడు పాపం. మా నాయన మజ్జిగిచ్చినాడు, అంతే."

సోమవారం జిల్లా రికార్డు గదికి వెళ్లాను. ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. ప్రతి సర్వే నంబరుకూ ఒక మూల పటం ఉంటుంది. బ్రిటిషు కాలపు కొలతల మీద తయారైన ఆ పటాల పుస్తకాన్ని ఎఫ్‌ఎంబీ అంటాం. పొలం మూలలకు రాళ్లు, మధ్యలో ఒక గీత, ఆ గీత నుంచి అంచులకు కొలతలు అందులో ఉంటాయి. పొలం భాగాలు పడినప్పుడు సర్వేయరు ఈ పటం ఆధారంగా సబ్‌డివిజన్ పటం గీస్తాడు. లోపల ఎన్ని గీతలైనా గీయవచ్చు, బయటి హద్దును మాత్రం కదపకూడదు. రాయి పోయి ఉంటే మూల పటంలోని కొలతలతోనే దాని స్థానం కనుక్కుని మళ్లీ పాతాలి. ఆ తర్వాత పుట్టే కాగితాలన్నీ సబ్‌డివిజన్ పటాన్నే చూసి రాసినవి. మూల పటాన్ని ఎవరూ మళ్లీ తీయరు.

రెండు పటాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. మూల పటంలో వంక వెడల్పు ఇప్పుడున్న దానికి రెట్టింపు. సబ్‌డివిజన్ పటంలో తూర్పు హద్దు వంకలోకి జరిగింది. లేఅవుట్ మూడో వరుస మొత్తం, రెండో వరుసలో కొంత, వంకకు చెందిన ప్రభుత్వ పోరంబోకులో ఉన్నాయి.

పటం కింద సర్వేయరు సంతకం నాది.

చాలాసేపు నమ్మలేదు. సర్వీసులో చేరిన రెండో ఏడు ఆ మండలంలో నేను ఇన్‌ఛార్జిగా కొన్ని నెలలు పనిచేశాను. ఊళ్ల పేర్లు కూడా గుర్తులేవు. ఆ పొలం గుర్తులేదు, గురవయ్య తండ్రి ముఖం గుర్తులేదు. అక్షరాలు మాత్రం నావే. అన్నదమ్ముల మధ్య గీత కోసమే వారి తగాదా, వంక వైపు ఎవరికీ గొడవ లేదు. ఆ వైపు కొలవకుండా దున్నిన అంచును హద్దుగా రాసుకుని ఉంటాను. నా పటాన్ని స్క్రూటినీ చేసిన అధికారి కూడా మూల పటం తీసి చూడలేదు. ఆయన ఇప్పుడు లేరు.

ఇంటికి వచ్చి రాజేశ్వరికి అంతా చెప్పాను. ఆమె ఏడుస్తుందనో, కోప్పడుతుందనో అనుకున్నాను. రెండు పటాల నకళ్లు తీసుకుని కొలతలు తనే కూడి చూసింది.

"ఆ ఇల్లు వద్దు" అన్నాను.

"మనకు వద్దు, సరే. మనం కొనకపోతే ఇంకొకరు కొంటారు గదా. వాళ్లకు రికార్డు గది తెలుసా?"

నా భయం ఆమెకు తెలుసు. రిటైర్మెంటుకు ముందు ఛార్జి మెమో పడితే పూర్తి పింఛను, గ్రాట్యుటీ ఆగిపోతాయి. విచారణ ఎప్పుడు తెములుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ డబ్బు మీదే మా ఇల్లు. లావణ్య పటం అడిగిందేమో, రికార్డు గది గుమాస్తా ఎవరికైనా చెప్పాడేమో అని నాలుగు రోజులు ప్రతి ఒక్కరి ముఖం అనుమానంగా చూశాను. ఎవరికీ ఏమీ తెలియదు. ఆ కాగితాన్ని మళ్లీ అల్మరాలో పెట్టేస్తే నా జీవితకాలంలో ఎవరూ తీసేవారు కాదు.

ఐదో రోజు అసిస్టెంట్ డైరెక్టరుకు రిపోర్టు రాసి ఇచ్చాను. తప్పు ఏమిటి, ఎవరు చేశారు, ఏ ప్లాట్లు వంకలో పడ్డాయి అని మూడు పేరాలు. ఆయన చదివి తలుపు వేయించారు. వయసులో నాకంటే చాలా చిన్నవారు. పేరు తీసేసి "పాత సర్వేలో లోపం" అని రాస్తే చాలదా అని అడిగారు. అది దయతో అడిగిన మాటే. పేరు తీసేస్తే లోపం ఎలా జరిగిందో నిరూపించలేమని చెప్పి వచ్చేశాను.

రీసర్వే జరిగింది. లావణ్య కొలిచింది, నేను కొలతల దగ్గరకు వెళ్లలేదు. మూడో వరుసలో ఖాళీ ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపారు. మునిరత్నం నేరుగా ఆఫీసుకు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఊర్లో నన్ను దొంగోడంటా ఉండారు సార్. నేను కాగితం నమ్మి అమ్మినాను. ఆ కాగితం రాసింది మీరు గదా?"

"నిజమే. రంగు వేయించింది ఎవరు?"

అతను వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

సుబ్రమణ్యం గారిని కలవడానికి నేనే వెళ్లాను. గేటు తీయలేదు. కమ్మీల మధ్య నుంచే మాట్లాడారు. "ముప్పై ఏండ్లు బస్సుల్లో నిలబడి సంపాదించింది ఈడ పెట్టినాను సార్. నీళ్లొస్తే ఎత్తి పోసుకుంటా ఉన్నాము. ఇప్పుడు మీరొచ్చి ఇల్లే నీది కాదంటిరి. నీళ్లే నయం."

ఇళ్లు ఎవరివీ కూల్చలేదు. ఖాళీ ప్లాట్ల మీదుగా వంకకు దారి తీసి, రోడ్డు కింద తూము పెద్దది చేశారు. మరుసటి వానాకాలం నీళ్లు మెట్ల దాకా వచ్చి ఆగాయని లావణ్య చెప్పింది. తూము వల్లనో, ఆ ఏడు వాన తక్కువ కావడం వల్లనో తెలియదు. ఇంకో పెద్ద వాన వస్తే గాని తేలదు.

నాకు మెమో వచ్చింది. విచారణ పెండింగులో ఉండగానే రిటైరయ్యాను. రెండేళ్ల పాటు ప్రొవిజనల్ పింఛను, అంటే తాత్కాలికంగా మంజూరు చేసే మొత్తం, దానితోనే గడిపాం. చివరికి చిన్న కోతతో కేసు ముగిసింది. సొంతిల్లు కొనలేదు. పలమనేరులో బస్టాండుకు నడిచి వెళ్లేంత దూరంలో, మేడ మీద రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మెట్లు రాజేశ్వరి మోకాళ్లకు కష్టమే. ఆమె ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

రిటైరయ్యే వాళ్లు ఊరు చూసుకోవడానికి సలహా అడిగితే మూడు మాటలు చెబుతాను. వానలో ఒకసారి వెళ్లి చూడండి. అమ్మేవాడిని గాని, అక్కడ ఇల్లున్నవాళ్లను గాని కాకుండా, అక్కడ ఏమీ అమ్ముకోవలసిన పని లేని మనిషిని అడగండి. కాగితాలు ఒకదానితో ఒకటి సరిపోయాయని సంతోషించకండి, అన్నీ ఒకే తప్పును చూసి రాసినవి కావచ్చు.

మా శాఖలో కొత్తగా చేరేవాళ్లకు చెప్పేది ఒక్కటే. స్క్రూటినీకి కూర్చున్నప్పుడు మొదట అనుమానించాల్సింది మీ సంతకం ఉన్న పటాన్ని.