మా అత్తకు ఆరో నెల

రండి, గడప దగ్గరే నిలబడకుండా లోపలికి వచ్చి ఈ చాప మీద నా పక్కన కూర్చోండి. చేతిలో పనుంటే తెచ్చుకోండి, చింతపండులో గింజలు తీస్తూ వినదగ్గ సంగతే ఇది. ఆ రోజుల్లో (అంటే తాతల నాడు కాదు, మా పెద్దది నా కడుపులో ఉన్నప్పుడు) కడుపుతో ఉన్న పిల్లకు తినడానికి పెట్టేవాళ్ళ కన్నా, ఏం తినకూడదో చెప్పేవాళ్ళే ఎక్కువ. ఒకామె బొప్పాయి పేరు కూడా ఎత్తొద్దనేది. ఇంకొకామె ఎక్కువ తింటే బిడ్డ లావై కానుపు కష్టమవుతుందనేది. మూడో ఆమె ఇద్దరి తిండీ ఒక్కదానివే తినాలనేది. అందరి మాటా మన్నించి నేను ఏమీ తినకుండా కూర్చునేదాన్ని. నా చదువు ఐదో తరగతితో సరి. అయితే ఎవరు ఏ కూర ముందు కూర్చుని ఏ మాట అన్నారో మాత్రం ఇప్పటికీ పొల్లుపోకుండా చెప్పగలను.

మా పుట్టిల్లు కుప్పం పక్క పల్లె. మెట్టినిల్లు పుంగనూరు నుంచి పెద్దపంజాణి పోయే దారిలో. తొలి కానుపు పుట్టింట్లో జరగాలి కదా, ఏడో నెల ఎప్పుడొస్తుందా, అమ్మ దగ్గరికి ఎప్పుడు పోతానా అని నేను ఒకటే ఎదురుచూపు. ఆరో నెలలో మదనపల్లె ఆస్పత్రికి పోతే డాక్టరమ్మ నా కింది రెప్ప లాగి చూసి పెదవి విరిచింది. "రక్తం చాలా తక్కువుంది. పప్పు, ఆకుకూర, గుడ్డు తిను. మాత్రలు మానకు. వచ్చే పరీక్షకు పెరిగితే కుప్పం పంపిస్తా. పెరగలేదంటే కానుపయ్యేదాకా ఈ చుట్టుపక్కలే ఉండాలి, అంత దూరం ప్రయాణం కుదరదు" అంది. బస్సులో తిరిగొస్తూ పుంగనూరు దాకా ఏడ్చాను. మా ఆయన పాపం, టమోటా బాక్సులు దించి వచ్చిన చొక్కాతోనే నా కళ్ళు తుడవబోయాడు. (ఆ వాసనకు ఇంకా ఎక్కువ నీళ్ళొచ్చాయి.)

మా ఊళ్ళో అంగన్‌వాడీ ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళకు మధ్యాహ్నం అక్కడే అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు. అయితే అక్కడే కూర్చుని తినాలి, ఇంటికి ఇవ్వరు. ఇంటికిస్తే ఆ గుడ్డు ఎవరి నోట్లోకి పోతుందో వాళ్ళకు తెలుసు మరి. అక్కడ వండి పెట్టే ఆమెను ఊరంతా గుడ్డక్క అని పిలిచేది. నేను చెంబు కడుక్కుని బయలుదేరబోతుంటే మా అత్త వాకిలికి అడ్డంగా నిలబడింది.

"యాడికి?"

"అంగన్‌వాడీకి అత్తా, బువ్వ తినేదానికి."

"నలుగురి కండ్ల ముందరా? కడుపుతో ఉండే పిల్ల అందరూ సూస్తాంటే గుడ్డు తింటాదా? నరుడి కంటికి నల్లరాయైనా పగులుతాది మే, నువ్వెంత, నీ గుడ్డెంత!"

"ఇంటికియ్యరంట అత్తా."

మా అత్త గడపలో కూర్చుని వక్కాకు నమిలి నమిలి ఒక ఉపాయం తీసింది. "సరే. నీ బువ్వ ఆడ నేను తింటా. నా బువ్వ ఈడ నువ్వు తిను. దానికిది సరిపాయె. నీకు దిష్టీ తగల్దు, గుడ్డూ వృథా కాదు."

నాకు అందులో తప్పేముందో అప్పుడు అర్థం కాలేదు. (మామకు అర్థమయింది. కానీ ఆయన మా అత్తకు ఎదురు చెప్పి అప్పటికి చాలా కాలమయింది.) ఇక చూడండి, మధ్యాహ్నం కాగానే మా అత్త ఉతికిన చీర కట్టి, బొట్టు పెట్టుకుని, పేరంటానికి పోయినట్టు పోయేది. గుడ్డక్క మొదట్లో అడ్డం పడిందట. "మా కోడలి బదులుకు నేనొచ్చినా. ఇంటి బిడ్డకే కదా పోయేది?" అని దబాయించేసరికి, వరసకు పెద్దమ్మ అయ్యే మనిషిని లేపి పంపలేక వడ్డించేసింది. ఇక్కడ ఇంట్లో నేను మా అత్త వంతు రాగిసంగటి, చెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి నంచుకుని తినేదాన్ని. మా అత్త ఊరిబిండి అంటే నాలుగు చెనక్కాయలు, మిగతాదంతా మిరపకాయ. నాలుగు ముద్దలు దిగేసరికి ముక్కు కారేది, లేచేసేదాన్ని.

అత్త తిరిగొచ్చి నా పక్కన కూలబడి అడిగేది: "ఈ పొద్దు చెంచలాకు పప్పు మే, శానా బాగుండాది. నేను గుడ్డు తింటాంటే ఈడ బిడ్డ కదిలినాడా?"

ఒక్కోసారి నిజంగానే కదిలేది. నేను ఔనంటే ఆమె ముఖం వెలిగిపోయేది. "సూస్తివా! వాడికి చేరిండాది!" అని మామకు కూడా కేకేసి చెప్పేది. అక్కడ కడుపుతో ఉన్నవాళ్ళకు చెప్పే జాగ్రత్తలన్నీ విని వచ్చి వాటినీ నా బదులు తనే పాటించడం మొదలుపెట్టింది. బిందె ఎత్తకూడదన్నారని నీళ్ళు మోసే పని మామకు అప్పజెప్పింది. ఎడమ పక్కకు తిరిగి పడుకోమన్నారని మధ్యాహ్నమంతా ఎడమ పక్కకు తిరిగి గురక పెట్టేది. "ఈ వయసులో నాకీ కర్మేంది రా దేవుడా" అని మామ బిందె భుజాన పెట్టుకుని గొణిగేవాడు. మా అత్త బుగ్గలు మాత్రం నిగనిగలాడసాగాయి. నడకలో కూడా ఒక ఠీవి వచ్చింది.

ఇట్లా జరుగుతుండగా ఒకరోజు అంగన్‌వాడీకి కొత్త నర్సు సిస్టరమ్మ వచ్చింది. మదనపల్లె మిషన్ కాంపౌండులో పెరిగిన మనిషి, మాట కచ్చితం. తూకం పెట్టందే ఎవరినీ వదలదని ఆమెకు తూకాల సిస్టరని పేరు. చాప మీద వరసగా కూర్చున్న వాళ్ళను తల ఎత్తకుండా అడుగుతూ రాసుకుంటూ వచ్చిందట. చివర్న మా అత్త.

"ఎన్నో నెల?"

"ఆరో నెల" అంది అత్త, పప్పు కలుపుతూ.

"ఎన్నో కానుపు?"

"తొలి కానుపు సిస్టరమ్మా."

అప్పుడు సిస్టరమ్మ తల ఎత్తింది. నెరిసిన కొప్పు, ముందర ఊడిన పన్ను, చేతిలో సగం కొరికిన గుడ్డు. పెన్ను ఆపి, "అవ్వా... ఆరో నెల ఎవరికి?" అంది.

"మా కోడలికి. తినేది నేను" అంది అత్త, అందులో వింతేముందన్నట్టు.

ఆ నవ్వులకు పక్క గదిలో నిద్రపోతున్న పిల్లలంతా లేచి ఏడ్చారని గుడ్డక్క ఇప్పటికీ చెబుతుంది. సిస్టరమ్మ మాత్రం నవ్వలేదు. అత్తను లేపి తూకం మీద నిలబెట్టింది. తర్వాత ఆమెను వెంటబెట్టుకుని నేరుగా మా ఇంటికొచ్చింది. నా రెప్ప లాగి చూసింది, అత్త రెప్ప లాగి చూసింది, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అవ్వా, నీకు రక్తం బ్రహ్మాండంగా ఉండాది. బరువూ పెరిగినావు. ఇంక కానుపుకు నిన్నే పంపిద్దాం కుప్పానికి. ఈ పాప ఈడే ఉంటాది."

ఆ మాటకు అందరూ నవ్వబోయారు గానీ, నేను బావురుమన్నాను. "నేను మా అమ్మ దగ్గరికి పోవాల... నాకు మా అమ్మ కావాల..." అని చిన్నపిల్లలా చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మా అత్తకు ఒక్కసారిగా ముఖం వాడిపోయింది. ఇన్నాళ్ళూ నా బిడ్డకే తినిపిస్తున్నానని ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది మరి. "బిడ్డ కదిలె కదమ్మా, నేను తినేటప్పుడు..." అని మెల్లగా అంది. "తల్లి ఆకలితో ఉన్నా బిడ్డ కదులుతాది అవ్వా. వాడికి నీ నోటి నుంచి దారి లేదు" అంది సిస్టరమ్మ, ఈసారి కాస్త మెత్తగానే.

మరుసటి రోజు అత్తే నా చెయ్యి పట్టుకుని అంగన్‌వాడీకి తీసుకుపోయింది. దిష్టి భయం పోయిందనుకునేరు! నన్ను మూలన కూర్చోబెట్టి, తన కొంగు రెండు చేతులతో చాచి పట్టుకుని, తెరలాగా నా ముందు నిలబడింది. "తిను మే, ఎవురూ సూడ్రు."

"ఏం పెద్దమ్మా, లోపల పెండ్లికూతురుండాదా?" అని ఒకామె ఎగతాళి చేసింది.

"నీ కండ్లు నీ పళ్ళెంలో పెట్టుకో పో" అంది అత్త.

నేను తినేవరకు ఆమె చేతులు దించలేదు. గుడ్డు సగం వదిలితే తెర సందులోంచి తల దూర్చి, "అదెవురికి, నాకా? నాకింక ఇయ్యరంట, నువ్వే మింగు" అనేది. మాత్ర వేసుకున్నాక నాలుక చాపి చూపించాలి. వారం తిరక్కుండానే మిగతావాళ్ళు "మాకూ తెర కావాల పెద్దమ్మా" అని మొదలుపెట్టారు. ఒక్క కొంగు ఎంతమందికని? పాత చీర తెచ్చి గదికి అడ్డంగా కట్టింది. తూకాల సిస్టరు ఈసారి వచ్చేసరికి గదిలో మనుషులెవరూ లేరు. ఒక చీర, దాని వెనక నుంచి పళ్ళేల చప్పుడు, తేన్పులు. ఆమె చీర ఎత్తి చూసి, మళ్ళీ దించేసి, "తినండి, తినండి. నేనేమీ సూడ్లేదు" అందట. అప్పుడు మాత్రం నవ్విందని గుడ్డక్క సాక్ష్యం.

మదనపల్లె పరీక్ష రోజున డాక్టరమ్మ కాగితం చూసి, "పెరిగిందే! పూర్తిగా చాలదు గానీ పోవచ్చు, అక్కడ కూడా ఇట్లాగే తిను" అంది. నాకంటే ముందు మా అత్త ఆమె చేతులు పట్టుకుంది.

కుప్పంలో తాము పెంచే పట్టుపురుగులు గూళ్ళు కట్టే సమయమని అమ్మ రాలేకపోయింది. నన్ను అత్తే బయలుదేరదీసింది. పలమనేరులో బస్సు మారి, దారి పొడుగునా నాకు ఉడకబెట్టిన గుడ్లు ఒలిచి పెడుతూ (ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగితే చాలు, గుడ్డు కొంగు కిందికి పోయేది) కుప్పం చేర్చింది. అమ్మ బస్టాండులో నిలబడి ఉంది. నిండిన బుగ్గలతో నేను దిగాను. నవ్వుతూ ఆమె ఎదురుగా పోయి నిలబడ్డాను. అమ్మ నన్ను పక్కకు జరిపి, మెడ సాచి, నా వెనక దిగేవాళ్ళలో తను అత్తారింటికి పంపిన ఆ బక్కపలచని పిల్ల కోసం వెతికింది.

"అమ్మా, నేనే!"

అమ్మ గిరుక్కున తిరిగింది. నా చెంపలు రెండు చేతులతో పట్టుకుని, నన్నూ, నా వెనక సంచితో దిగుతున్న అత్తనూ మార్చి మార్చి చూసింది. "మా పిల్లను యాడ ఇడిసిపెట్టి ఎవుర్ని పిల్సుకొచ్చినావు వదినా?" అంది. అత్త నవ్వలేక, ఏడవలేక, "ఆ పిల్ల యాడికీ పోలేదు వదినా, దీని లోపలే ఉండాది" అంది.

ఆ పిల్లనే నేనూ అప్పుడప్పుడు వెతుక్కుంటూ ఉంటాను. ఇప్పుడు నన్ను లేపాలంటే మా పెద్దది రెండు చేతులూ అందించాలి. అయినా మిరపకాయ ఊరిబిండికి ముక్కు ఎగబీల్చుకుంటూ, అమ్మ కావాలని కొంగు నోట్లో కుక్కుకున్న ఆ వెర్రిది గుర్తొస్తే నవ్వొస్తుంది, ఆ వెంటనే ఆమెకు ఇంకో ముద్ద కలిపి పెట్టాలనిపిస్తుంది.

మీ ఇంట కడుపుతో ఉన్న పిల్ల పళ్ళెం నిండుగా ఉండాలి. చంటిబిడ్డకు తల్లి పాలు చాలాలి. సంగటి వేడిగా దిగి, తినే ప్రతి నోటికీ రుచి తెలియాలి. చల్లగా ఉండండి తల్లీ.