తొమ్మిదిమందికి చిన్న ఇల్లుబండి

కువైట్‌లోని రుమైథియాలో ఏడుకొండలు డ్రైవరుగా పనిచేసే ఇంటి ముందు నాలుగేళ్ళపాటు ఏనుగులాంటి బండి ఒకటి నిలబడి ఉండేది. అమెరికా నుంచి తెప్పించిన మోటర్‌హోమ్. తోలు సోఫాలు, రెండు టీవీలు, నిలబడి స్నానం చేసే గది, మీట నొక్కితే బయటికి జరిగి హాలును పెద్దది చేసే గోడ, అన్నీ ఉండేవి. ఏడుకొండలు దాన్ని ఇల్లుబండి అనేవాడు. దానికోసమే ఇంటి యజమాని, పనివాళ్ళంతా బాబా అని పిలిచే ఆయన, అతనికి పెద్ద బండ్ల లైసెన్సు కూడా ఇప్పించాడు. నాలుగేళ్ళలో ఆ బండి ఊరు దాటింది నాలుగుసార్లు. మిగతా రోజులన్నీ ఏడుకొండలు దాని మీద దుమ్ము కడగడం, కడిగిన దాని మీద మళ్ళీ దుమ్ము పడటం.

ఏడుకొండలుది కోనసీమ. భార్య గంగారత్నం కూడా ఆ ఇంట్లోనే వంటపని చేసేది. మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఒకే ఇంట్లో పని దొరికిందని ఫహాహీల్‌లో ఉన్న వాళ్ళ ఊరివాళ్ళు ఇప్పటికీ కుళ్ళుకుంటారు. కుళ్ళుకునేవాళ్ళకు తెలియనిదేమిటంటే, అతని గది గేటు పక్కన, ఆమె గది మేడ మీద మరో ఇద్దరు పనివాళ్ళతో. మధ్యలో మూడంతస్తుల నిండా బాబా సంసారం. ఏడేళ్ళుగా వీళ్ళ కాపురం ఫోన్‌లోనే సాగుతోంది. సెలవు కూడా ఇద్దరికీ ఒకేసారి ఇస్తే ఇల్లు ఆగిపోతుందని బాబా భార్య, పనివాళ్ళు మామా అని పిలిచే ఆవిడ, ఒకరు వచ్చాకే ఇంకొకరిని పంపేది. ఒక ఏడాది ఊరినుంచి వస్తున్న ఏడుకొండలు, ఊరికి వెళ్తున్న గంగారత్నానికి విమానాశ్రయంలోనే ఖాళీ సూట్‌కేసు అందించాడు. ఆ ఏడాది వాళ్ళు మాట్లాడుకున్న దాంట్లో ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్నది అదే.

బాబా రిటైరయ్యాక ఫోన్‌లో వీడియోలు చూడటం పనిగా పెట్టుకున్నాడు. ఒకరోజు ఎవరో దంపతులు ఇద్దరు పిల్లలతో బుల్లి ఇల్లుబండిలో దేశాలు తిరగడం చూశాడు. మర్నాడు పొద్దున్నే ఏడుకొండలును పిలిచాడు. ఆ పేరు నోరు తిరగక ఆయన అతన్ని ‘ఖోందా’ అనేవాడు.

“ఖలాస్, ఖోందా! పెద్దది అమ్మేస్తున్నాం. పెద్ద బండిలో మనిషికీ మనిషికీ దూరం పెరిగిపోతోంది. చిన్నది, పాతది చాలు. కుటుంబం దగ్గరవ్వాలి.”

“మీరు తొమ్మిదిమంది కదా బాబా,” అన్నాడు ఏడుకొండలు వచ్చీరాని అరబీలో.

“మాఫీ ముష్కిల్, ఏం ఫరవాలేదు. సర్దుకోవడమే కుటుంబం.”

అల్ రాయ్‌లో పాత బండ్లమ్మే చోట ఒక తెల్ల బండి బాబా మనసు దోచుకుంది. ఎవరో ఫ్రెంచి ఇంజనీరు వాడి వదిలేసింది. బాబా లోపల వంగి వంగి చూస్తుంటే, అక్కడ పనిచేసే రాయచోటి లాల్ బాషా ఏడుకొండలు చెవిలో అన్నాడు.

“నలుగురికని చేసిండేది అన్నా ఇది. ఆ నలుగురు గూడా సన్నగుండల్ల.”

“మావోళ్ళు తొమ్మిదిమందండీ బాబూ.”

“తొమ్మిదిమందా! అట్లయితే ఒగరి మింద ఒగర్ని పేర్చుకోని పోండి.”

పెద్దది వెళ్ళిపోయి చిన్నది ఇంటి ముందుకొచ్చింది. మామా గడపలోనే నిలబడి దాన్ని చూసింది.

“సామాన్లకా ఇది?” అంది.

“మనకే,” అన్నాడు బాబా.

“మరి సామాన్లకో?”

ఆ ప్రశ్నతోనే మొదలైంది. ఫిబ్రవరి సెలవులకు సుబియా ఎడారికి ప్రయాణం కట్టారు. సామాన్లకు పికప్ కావాల్సి వచ్చింది. పడకలు చాలవు కనుక డేరాలు, డేరాలకు ఒక చిన్న లారీ. కొత్త బండిలో పాత వాసన వస్తోందని కూతురు తన కారు తీసింది. దారిలో నాన్నతో పడలేనని కొడుకు తన జీపు తీశాడు. పనివాళ్ళకు ఒక వ్యాను. పెద్ద బండి ఉన్నప్పుడు ఒక్క బండిలో వెళ్ళిన కుటుంబం, సరళ జీవితం మొదలుపెట్టాక ఆరు బండ్లలో బయల్దేరింది. చిన్న బండిని బాబా తనే నడిపాడు. పక్కన ఎవరూ లేరు. ఏడుకొండలు వెనకాల పికప్‌లో, బాబా వేసిన ప్రతి సడన్ బ్రేకుకూ దేవుణ్ణి తలుచుకుంటూ వెళ్ళాడు.

ఎడారి చేరాక అందరూ లోపలే కలిసి భోంచెయ్యాలని బాబా ఆజ్ఞ. తొమ్మిదిమంది ఎక్కారు. ఒకరు చెయ్యి చాపాలంటే పక్కవాళ్ళు చెయ్యి ముడుచుకోవాలి. ఒకరు బాత్‌రూముకు వెళ్ళాలంటే ఐదుగురు లేచి బయటికి దిగాలి. తీరా వెళ్ళినవాళ్ళు లోపల ఏం చేస్తున్నారో పలచటి తలుపు అవతల అందరికీ వినపడుతోంది. కుటుంబం కావలసిన దానికంటే ఎక్కువే దగ్గరైంది. మూడు గంటలకల్లా బాత్‌రూము తొట్టి నిండిందని ఎర్ర దీపం వెలిగింది. ఆ దీపం చూశాక ఒక్కొక్కరికీ ఊళ్ళో పనులు గుర్తొచ్చాయి.

కొడుక్కి సెలవురోజు కూడా ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. కూతురు బిడ్డకు ఉన్నట్టుండి దగ్గు పట్టుకుంది. మామా మోకాలు పట్టుకుంది. పొద్దు వాలకముందే బాబాకు కూడా మందులు ఇంట్లో మరిచిపోయానని జ్ఞాపకం వచ్చింది. వెళ్తూ వెళ్తూ మామా గంగారత్నంతో చెప్పింది.

“మాంసం, చేపలు పారెయ్యొద్దు. నువ్వుండి, వండుకు తిని, అంతా కడిగి రా. ఖోందా కాపలా ఉంటాడు. రేపు పొద్దున్నే మేమొస్తాం.”

ఇల్లుబండి, పికప్ తప్ప మిగతా బండ్లన్నీ, పనివాళ్ళ వ్యానుతో సహా, దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాయి.

“నిజంగానే ఎల్లిపోయారంటారా?” అంది గంగారత్నం.

“ఎల్లిపోయారు. దుమ్ము కూడా కనపడతాలేదు.”

చీకటి పడింది. ఏం చెయ్యాలో తోచక ఏడుకొండలు దుప్పటి చంకలో పెట్టుకుని పికప్ వైపు నడిచాడు.

“ఎక్కడికి?”

“పడుకోడానికి.”

“ఇంతిల్లు పెట్టుకుని పికప్‌లోనా? ఇక్కడ మామా ఉందా, మేడ ఉందా?” అని ఆమె గట్టిగా నవ్వింది. ఆ నవ్వు ఫోన్‌లో ఇంత పెద్దగా ఉండేది కాదు.

మర్నాడు బాబా రాలేదు, ఫోనొచ్చింది. “దూరంగా కనపడే డేరాల్లో మా దీవానియా స్నేహితులున్నారు, ఖోందా. బండి ఇప్పుడే వెనక్కొస్తే నవ్వుతారు. సెలవులయ్యేదాకా అక్కడే ఉంచు.” బాబా పరువు కాపాడే బాధ్యత ఆ విధంగా ఈ ఇద్దరి మీద పడింది.

గంగారత్నం మొదటి రోజు ఏడింటిదాకా పడుకుని, కొంప మునిగినట్టు ఉలిక్కిపడి లేచింది. మొగుడు టీ పెట్టి ఇచ్చాడు. రెండు గుక్కలు తాగి, “ఇందులో టీ పొడి ఎక్కడుందండీ?” అంది. రెండోరోజు పోట్లాడుకున్నారు. గురక ఎవరిదన్నదే గొడవ. ఫోన్‌లో అయితే ఏడుకొండలు చార్జింగ్ లేదని పెట్టేసేవాడు. ఈ బండిలో ఎటు తిరిగినా ఆమే. మాట్లాడకుండా ఉండటానికి కూడా చోటు లేదు. పదకొండింటికల్లా గొడవ చల్లారింది, జుబైదీ చేపల పులుసు ఉడికింది. తలుపు మెట్ల మీద కూర్చుని తిన్నారు. రాజమండ్రి హాస్టల్లో ఉన్న కూతురు సత్యశ్రీకి వీడియో కాల్ చేశారు.

“అదేంటి నాన్నా!” అని ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. “ఇద్దరూ ఒకే ఫోన్‌లో కనపడతన్నారు!”

 గంగారత్నం ఫోన్ లాక్కుని, “మాటలు తర్వాత, ముందు అన్నం తిన్నావా లేదా?” అంది.

నాలుగోరోజు బండిని అద్దంలా కడిగి, పికప్‌ను వెనక తగిలించుకుని తీసుకొచ్చారు. ఆ వారం దీవానియాలో, అంటే మగవాళ్ళు చేరి టీ తాగుతూ కబుర్లాడుకునే ముందుగదిలో, బాబా స్నేహితులకు కథ చెప్పాడు.

“నాలుగు రోజులు! ఒక్క చిన్న బండి! ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ!”

టీ పోస్తున్న ఏడుకొండలును ఒక స్నేహితుడు అడిగాడు. “ఏమోయ్, నిజంగా బాగుందా?”

“చాలా బాగుంది బాబా,” అన్నాడు ఏడుకొండలు. ఆ గదిలో ఆ పూట ఎవరైనా నిజం చెప్పారంటే అది అతనొక్కడే.

రెండురోజుల తర్వాత ఆ స్నేహితుడి డ్రైవరు, కడప చిన్నపుల్లయ్య, ఫోన్ చేసి విరుచుకుపడ్డాడు.

“ఏం జెప్పినావు సామీ మా బాబాకు? ఇంట్లో పన్నెండు మంది ఉండారు. మా వోడు గూడా సన్న బండి కొంటానంటాండాడు! వద్దని నువ్వన్నా చెప్పరాదా?”

“ఆగండాగండి. మీ ఆవిడ ఎక్కడ చేత్తన్నారు?”

“ఈడనే, ఇదే ఇంట్లో. పిల్లోళ్ళను చూసుకుంటాది. యాల?”

“అయితే నోరెత్తకుండా కొననివ్వండి,” అన్నాడు ఏడుకొండలు. “దుప్పట్లు మాత్రం రెండు ఎక్కువ పెట్టించండి. తెల్లారగట్ల సలి బాగుంటదండి.”