రోహిణిలో చిగిర్చిన తూటికాడలు

తవిటమ్మను ఎప్పుడు కదిపినా మాట తూటికాడ దగ్గరే మొదలవుతుంది. లేత ఊదారంగు పూలతో నిలువెత్తు పెరిగే ఆ మొక్క చెరువుల్లో, వాగుల్లాంటి గెడ్డల పక్కన, రోడ్డు వార గోతుల్లో ఎక్కడ చూసినా ఉంటుంది. దూరం నుంచి ముచ్చటగానే కనిపిస్తుంది. తవిటమ్మ మాత్రం దాని పేరెత్తితే పక్కకు తిరిగి ఉమ్ముతుంది.

"నానే తెచ్చినాను బాబూ. నా సేతుల్తోనే తెచ్చినాను. ఇంకెవులి మీద ఏడవను?" అంటుంది.

ఆమె పుట్టిల్లు పాతపట్నం. అత్తవారి ఊరు గజపతినగరానికి నాలుగు మైళ్ళు. పెళ్ళయిన కొత్తల్లో పెరట్లో వంగమొక్కలు వేస్తే ఊరి మేకలు బతకనిచ్చేవి కావు. ఓసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు, మహేంద్రతనయ ఏటి ఒడ్డున తల్లి దడికి వాడే తూటికాడలు ఒక మోపు కట్టి, బస్సు మీద వేయించుకుని తెచ్చింది. మేక ముట్టదు. నీళ్ళు పోయక్కర్లేదు. ముక్క గుచ్చితే చాలు. ఏడాది తిరిగేసరికి చూడచక్కని దడి అయింది. ఊళ్ళోవాళ్ళు వచ్చి బతిమాలి మరీ తలో నాలుగు ముక్కలు పట్టుకుపోయారు. అప్పట్లో దాన్ని తవిటమ్మ దడి అనేవారు. ఇప్పుడు తవిటమ్మ రోగం అంటున్నారు.

పాతికేళ్ళ పాటు అది దడిగానే ఉంది. 2014లో హుద్‌హుద్ తుఫానుకు గెడ్డ పొంగి దడులన్నిటినీ ఊడ్చుకుపోయింది. ముక్క ఎక్కడ ఆగితే అక్కడ మొక్క లేచింది. గెడ్డ నుంచి పొలాలకు నీరు తెచ్చే కాలువైతే మూడేళ్ళలో కంటికి కనబడకుండా పోయింది. ఆ కాలువ మొదట్లో బావ జగన్నాధం మడులు. చిట్టచివర తవిటమ్మ డెబ్బై సెంట్లు. భర్త రాముడు ఏడాదిలో తొమ్మిది నెలలు విశాఖపట్నంలో తాపీపనిలో ఉంటాడు. కాబట్టి పొలమూ, దాని నీటి గొడవా ఆమెవే.

ఊళ్ళో ఒక కట్టుబాటుంది. రోహిణి కార్తె వచ్చిన మూడోనాడు ఇంటికొక మనిషి కత్తి పట్టుకుని కాలువలో దిగాలి. మొక్కా మోడూ నరికి గట్టు మీద కుప్పవేయాలి. ఆ ఎండకు వారం తిరక్కుండా అంతా పుల్లలై పొయ్యిలోకి పోతుంది. తాతల నాడు పెట్టిన ఈ ఏర్పాటులో సగం పని మనుషులది, సగం ఎండది.

ఎండ తన సగం చేయడం మానేసింది.

"రోయిణిలో వానేటి బాబూ? మా అత్త ఉన్నప్పుడు రోయిణిలో మబ్బు కనిపిత్తే ఇంట్లోంచి బయటికొచ్చి సూసీవోరం. ఇప్పుడు వారానికి రెండు జల్లులు. నాట్లేసీ ఉభాలేల మటుకు సుక్కుండదు."

2018లో ఆ మూడోనాడు పడమర నల్లగా కమ్మింది. తవిటమ్మ గట్టు మీదే నిలబడిపోయింది.

"బావా, నాలుగు రోజులాగుదుమా? మబ్బట్టింది."

"మూడోనాడంటే మూడోనాడే. నీకోసం రోయిణి ఆగుతాదేటే?" అన్నాడు జగన్నాధం, అప్పటికే కాలువలో దిగి.

"ఎండ నేకపోతే ఇది సావదు. ముక్క పడినకాడల్లా మొక్క నేస్తాది."

"నీకు తెలీకేటి! దాని కన్నతల్లివి కదా!"

కాలువలో వాళ్ళంతా పగలబడి నవ్వారు. తవిటమ్మ కత్తి పట్టుకుని దిగింది. ఆ మొక్క మీద అందరికీ కసే. నరికిన కాడను మళ్ళీ నరికి, జానెడు జానెడు ముక్కలు చేసి పోశారు. ఆ సాయంత్రమే వాన పట్టుకుని మూడు రోజులు వదల్లేదు. పన్నెండో రోజుకు గట్టు మీది కుప్పల్లో కణుపు కణుపుకీ చిగురు.

ఆమె పరుగున జగన్నాధం ఇంటికి వెళ్ళింది. అతను అంబలి తాగుతున్నాడు.

"గడ్డిమందు కొట్టేద్దారి, వదిలిపోద్ది," అన్నాడు.

"ఆ నీళ్ళే గొడ్లు తాగుతాయి. గొడ్లు సచ్చిపోతే?"

"అయితే ఏటి సేద్దామంటావు?"

"రోడ్డు మీద పరుద్దాం. ఉలవలు పరిసినట్టే. బళ్ళు తొక్కుతాయి, తారు కాలుస్తాది."

"పిచ్చిమొక్కకి నూర్పిడా!" అని జగన్నాధం పొలమారేలా నవ్వాడు.

ఎవరూ రాలేదు. ఐదు రోజులు ఒక్కతే గంపలతో మోసి, రోడ్డు మీద పరిచింది. రాయగడ బస్సు డ్రైవరు తల బయటపెట్టి తిట్టాడు. "తిట్టు నాయినా, తిడితే తిట్టావుగాని, దాని మీంచే పో," అంది. అలా మోసినవి నిజంగానే చచ్చాయి. కానీ ఆమె మోసింది తన మడుల ఎదుటి గట్టు వరకే. పైనున్న కుప్పలు పచ్చగా లేచి కాలువలోకి వంగాయి.

జులై చివరికి గెడ్డలో నీళ్ళొచ్చాయి. జగన్నాధం మడులు నిండాయి. తవిటమ్మ ఆకుమడిలో నారు నలభై రోజులది, ముదిరి కణుపు కడుతోంది. నీళ్ళు మాత్రం రావు. కత్తి పట్టుకుని, కాలువ వెంట పైకి నడుచుకుంటూ వెళ్ళింది. జగన్నాధం మడుల చివర నీరు ఆగిపోయి ఉంది. అక్కడ కాలువకు అడ్డంగా తూటికొమ్మలు గుట్టగా పడి ఉన్నాయి. తలెత్తి చూస్తే, గట్టు మీద అతని కొత్త వంగతోట, దాని చుట్టూ అప్పుడే గుచ్చిన పచ్చి తూటికాడల దడి.

ఒక్కొక్క కాడే పీకడం మొదలుపెట్టింది.

"ఒసే, ఒసే! ఏటే ఆ పని? తోటలో మేకలడిపోతాయే!" జగన్నాధం పరుగెత్తుకొచ్చాడు.

"మేకలైతే కర్రట్టుకుని తోలొచ్చు బావా. దీన్ని దేన్తో తోల్తావు?"

"నువ్వు ఎయ్యనేదేటి?"

"ఏసినాను. ఏసినాను గాబట్టే పీకుతన్నాను."

జగన్నాధం గట్టు మీద కూర్చున్నాడు. పీకనిచ్చాడు, సాయం మాత్రం పట్టలేదు. ఆమె కాలువలో దిగి గుట్టను లాగేసరికి నీరు కదిలింది. దాని ముందు నడుస్తూ, అడ్డొచ్చిందల్లా కోసుకుంటూ తన పొలం దాకా తెచ్చుకుంది. మొదటి మడి తడిసింది. మిగతా రెండూ తడవకముందే గెడ్డ తగ్గిపోయింది. ముదిరిన నారుతోనే ఆ ఒక్క మడి నాటింది.

పీకిన దడి కాడల్ని మర్నాడు రోడ్డు మీద పరిచింది. మధ్యాహ్నం మబ్బు పట్టి, సన్నగా నాలుగు చినుకులు పడ్డాయి. ఎండిన రెండు మడులు తడవడానికి ఆ జల్లు చాలదు. కాడలు రోడ్డు పక్క గోతిలోకి జారి చిగిర్చడానికి సరిపోతుంది. తవిటమ్మ ఇంటికి పరుగెత్తి, ధాన్యం మీద కప్పే టార్పాలిన్ తెచ్చి ఆ కాడల మీద కప్పింది. నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, ఆకాశం వైపు తలెత్తింది.

"పడితే పూర్తిగా పడు, నేకపోతే పో," అంది గట్టిగా.