మామ మా ఇంట్లోకి రాని శుక్రవారాలు

మా చిన్నప్పుడు... శుక్రవారం మధ్యాహ్నం కాగానే అమ్మ అన్నం గంజు ఎత్తుకుని బిల్డింగ్ కిందికి దిగేది. వెనకాలే కూరగిన్నెతో నేను...

షార్జా రోలాలో ఉండేవాళ్లం. అమ్మ తమ్ముడు, మా మామ, ఉమ్ అల్ క్వైన్‌లో లేబర్ క్యాంపులో ఉండేవాడు. అప్పట్లో సెలవు శుక్రవారమే. అంత దూరం నుంచి బస్సులు మారి అక్కను చూడటానికి వచ్చేవాడు. కానీ మాది 'ఫ్యామిలీ బిల్డింగ్'... క్యాంపు మనుషులను పైకి రానిచ్చేవారు కాదు.

ఒకరోజు అమ్మకు కోపమాగలేదు. "నా తోడబుట్టినోడు! నా ఇంట్ల బువ్వ తినేటందుకు ఎవల్ని అడగాలె?" అని వాచ్‌మన్ మీదికి వెళ్లింది.

అతను చేతులు జోడించాడు. "దీదీ, మాలిక్ చూస్తే నా నౌకరీ ఖలాస్!"

మామే అడ్డుపడ్డాడు. "ఊకో అక్కా... ఆయన పొట్ట కొట్టుడెందుకు? ఈడనే తింట."

అమ్మ బిల్డింగ్ గుమ్మం పక్కనే దుప్పటి పరిచి వడ్డించింది. వచ్చేపోయేవాళ్లు తప్పుకుని నడిచారు. మామ తల ఎత్తకుండా తిన్నాడు...

నిజానికి నాన్న, మామ ఒకే ఊరి నుంచి ఒకే సెంట్రింగ్ పనికి దుబాయ్ వచ్చారు. నాన్నను ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, బయట గది తీసుకోనిచ్చాడు. పక్కగదిలో ఉండే నెల్లూరు ఖాదర్ బాబాయ్ ఏసీ పని నేర్పాడు. తర్వాత ఇద్దరూ కలిసి షాపు పెట్టారు. మామకు మాత్రం క్యాంపు, బస్సు, సైటు... మళ్లీ క్యాంపు. ఏ పనికి వచ్చాడో ఆ పనితోనే జుట్టు నెరిసి వాపసు పోయాడు.

"తెలివిల మీ నాయినకన్న నా తమ్ముడే ఎక్కువ" అనేది అమ్మ. "క్యాంపుల ఉన్నోనికి క్యాంపోళ్లే ఎరుక. ఇంకో తొవ్వ ఎవలు చూపిస్తరు?"

కరోనా తగ్గాక మామ కొడుకు రాజు కూడా వచ్చాడు. ఐటీఐలో కరెంటు పని చదివాడు. ఇక్కడ హెల్పర్... ఉండేది మళ్లీ ఆ ఉమ్ అల్ క్వైన్ క్యాంపుల్లోనే.

మొన్న మా ఇంటికి భోజనానికి పిలిచాను. ఇప్పుడు మేముండే బిల్డింగ్‌లో అతన్ని ఎవరూ ఆపలేదు. అయినా చెప్పులు చేత్తో పట్టుకుని తలుపు బయటే నిలబడ్డాడు.

"లోపలికి రావొచ్చా వదినా? ఎవలన్న ఏమన్న అంటరా?"

చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను.

"వేరే పని కోసం ఎవర్నైనా అడిగావా?" అంటే నవ్వాడు. "మా రూమోళ్లు తప్ప నాకెవలు తెల్వదు వదినా."

రాజును కంపెనీ వదిలిపెడితే షాపులో పెట్టుకుంటానన్నాడు నాన్న. చూడాలి...

ఆ రోజుల్లో గుమ్మం దగ్గర ఆపడానికి ఒక మనిషి ఉండేవాడు... ఇప్పుడు అలా ఆగినవాళ్ల పిల్లలు వాళ్లంతట వాళ్లే ఆగిపోతున్నారు.

మీ ఇంటిదాకా వచ్చి లోపలికి రాలేకపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వాళ్ల పిల్లలు ఇప్పుడెక్కడున్నారు?